చెరువు ఖాళీ అయిపోయినా నిద్ర పట్టని రొయ్యల రైతు: ముందు ఎక్కడ చూపించాలి, ఊళ్లో ఏం చెప్పాలి?

లంకగట్టు_వీఓఏ (కోనసీమ, పొదుపు మహిళల గ్రామ సంఘం అసిస్టెంట్) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారమండి. మా గ్రామ సంఘంలో ఒక సభ్యురాలి ఇంటి విషయం ఇది. ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను. ఊరి పేరూ మనిషి పేరూ మాత్రం అడగొద్దు.

ఆయనకి నలభై దాటాయి. కౌలు చెరువులు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ వైరస్ జబ్బుతో పోయాయి. ఇప్పుడు చెరువులో నీళ్లే లేవు, అయినా రాత్రి రెండున్నర మూడింటికి లేచి కూర్చుంటున్నారు. తిండి బాగా తగ్గింది, బెల్టు రెండు కన్నాలు లోపలికి వచ్చింది. గుమ్మంలోకి ఎవరొచ్చినా లోపలి గదిలోంచి బయటికి రారు. ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అని సెలైన్ పెట్టి నిద్ర బిళ్లలు ఇచ్చారు. బిళ్ల వేసుకున్న రాత్రి పడుకుంటారు, మర్నాడంతా మొద్దుబారినట్టు ఉంటారు.

ఆవిడ భయాలు రెండు. పెద్దపిల్లకి సంబంధాలు చూస్తున్నారు. మన వైపు సంబంధం కలుపుకునేవాళ్లు ఏడు తరాలూ ఆరా తీస్తారు, తెలిసిందే కదండీ. రెండోది ఫీడ్ (రొయ్యల మేత) డీలరు. ఆయన దగ్గరే అప్పు. మనిషికి మతి బాగోలేదని తెలిస్తే వచ్చే పంటకి అరువు ఇవ్వడని భయం. అందుకే ఏఎన్‌ఎం దగ్గరికి కూడా వెళ్లనంటోంది. ఆ ఏఎన్‌ఎం అమ్మాయి మా ఊరి కోడలే మరి.

ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి? అక్కడ ఏం అడుగుతారు? ఆయన రానంటే మాట ఎలా మొదలుపెట్టాలి? సంఘంలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, అందరికీ పనికొచ్చేలా చెప్పండి.

ఓపీ_చీటీ (సైకియాట్రిక్ సోషల్ వర్కర్):

మంచి పని చేస్తున్నారండి. ముందు ఈ రాత్రి చేయగలిగింది చెబుతాను. 14416 కి ఫోన్ చేయండి, అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. అది కలవకపోతే 1800 891 4416. జబ్బు ఉన్న మనిషే మాట్లాడాలని ఏం లేదు, ఆయన భార్య చేసినా పర్వాలేదు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుకి కలుపుతారు, దగ్గర్లో ఎక్కడ చూపించాలో కూడా చెబుతారు. ఇంట్లో మామగారి ఎదురుగా మాట్లాడలేక మధ్యలో పెట్టేసేవాళ్లు చాలామంది. కాబట్టి ఆవిడని మీ సంఘం ఆఫీసులోంచి చేయమనండి.

ఇక ఆసుపత్రి. కోనసీమలో ఉన్నవాళ్లకి అమలాపురం ప్రభుత్వాసుపత్రి దగ్గర. అక్కడ సైకియాట్రీ ఓపీ ఏయే రోజుల్లో చూస్తున్నారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పెద్ద విభాగం కావాలంటే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి), ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్లొచ్చు. రావులపాలెం వైపువాళ్లకి రాజమండ్రి సులువు, 2023లో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ప్రైవేటులో చూపించేట్టయితే బోర్డు మీద ఎండీ సైకియాట్రీ అనో డీపీఎం (మనసు జబ్బుల వైద్యంలో డిప్లొమా) అనో ఉందా లేదా చూసుకోండి. "నరాల డాక్టరు" అని ఊళ్లో అందరూ చెప్పే న్యూరాలజిస్టు పక్షవాతం, మూర్ఛ లాంటివి చూస్తారు. ఆయన దగ్గరికి వెళ్తే స్కానింగ్ తీయించుకుని, అన్నీ బాగానే ఉన్నాయనిపించుకుని వెనక్కి వస్తారు, జబ్బు అలాగే ఉంటుంది.

ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒకటే: రెండోసారి, మూడోసారి వెళ్లగలిగే చోటేనా అని. మొదటిసారి కారు కట్టించుకుని ఎంత దూరమైనా వెళ్తారు. పదిహేను రోజులకి మళ్లీ రమ్మంటే అప్పుడు కారుకి డబ్బులుండవు, పట్టుకెళ్లే మనిషి ఉండడు. మందు ఆగిపోయేది అక్కడే. బస్సులో వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రాగలిగే ఊరైతే మంచిది.

వెళ్లేటప్పుడు ఆధార్, ఫోన్ (ఓపీ చీటీకి ఇప్పుడు ఫోన్ అడుగుతున్నారు), ఇంతకు ముందు వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులు, సెలైన్‌లో ఏం కలిపారో రాసిన చీటీ ఉంటే అదీ. "పింక్ బిళ్ల" అంటే డాక్టరుకి తెలియదు. ఒక కాగితం మీద ఆవిడ ఇవి రాసుకుని వెళ్లాలి: నిద్ర ఎప్పట్నుంచి పోయింది, ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నారు, బరువు, మందు తాగుడు ఉందా, బీపీ షుగర్ థైరాయిడ్ ఉన్నాయా, వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఇలా వచ్చిందా. ఇంకోటి మర్చిపోవద్దు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా హుషారుగా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ, చేతిలో లేని డబ్బు కూడా ఖర్చుపెట్టిన రోజులు వరసగా ఉన్నాయా? ఉంటే తప్పకుండా చెప్పాలి. ఆ జబ్బు (బైపోలార్) వేరు, దానికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనిషి ఆ హుషారు వైపు ఎగదన్నుకుపోవచ్చు.

రొయ్యల రైతుల విషయంలో డాక్టరుకి విడిగా చెప్పాల్సింది ఒకటుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి పంట ఉన్నన్నాళ్లూ మూడింటికి లేచి గట్టు మీదికి పోవడం ఆయన వృత్తి. డిప్రెషన్‌లోనూ చాలామందికి దాదాపు ఆ వేళకే మెలకువ వస్తుంది. ఏది ఏదో తేల్చుకోవాలంటే చెరువు ఖాళీ అయ్యాక చూడాలి. ఏరియేటరు (చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రం) ఆగి వారాలైనా అదే టైముకి మెలకువ వస్తూ, లేచాక గుండె బరువెక్కి, పొద్దెక్కేకొద్దీ కాస్త తేలికపడుతుంటే అది అలవాటు కాదు. మీరు చెప్పింది అలాగే ఉంది.

పాతలాకులు:

ఇదంతా ఎందుకండీ, నేరుగా విశాఖపట్నం చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్తే పోలా. ఊళ్లో ఎవరికీ తెలియదు కూడా. ఊళ్లో నరాల జబ్బని చెప్పేస్తే సరి.

ఓపీ_చీటీ:

పాతలాకులు గారూ, అది మంచి ఆసుపత్రే, కాదనను. మనిషి అదుపు తప్పి, చేర్చుకోవాల్సిన పరిస్థితి వస్తే అక్కడికీ వెళ్లొచ్చు. ఇంట్లో ఉండి నడిచి వెళ్లగలిగిన మనిషికి నెలనెలా విశాఖ ప్రయాణం నిలబడదు. "నరాల జబ్బు" అన్న మాటకి వచ్చిన చిక్కేంటంటే, ఊరంతా నరాల బలానికి టానిక్కులు తెచ్చి పోస్తారు, అసలు మందు ఎందుకు వాడుతున్నాడో ఇంట్లోవాళ్లే మర్చిపోతారు. "ఒంట్లో బాగోలేదు, కాకినాడలో చూపిస్తున్నాం" అంటే చాలు. అందులో అబద్ధమేం లేదు.

మందులషాపు_భీమవరం (ఫార్మసిస్టు):

మందుల సంగతి నేను చెబుతాను. డోసు డాక్టరు గారిదే, ఎక్కడ చెడుతుందో మాత్రం కౌంటరు ఇవతల నుంచి బాగా కనబడుతుంది.

ముందు ఆ నిద్ర బిళ్ల. ఆర్‌ఎంపీలు ఇచ్చేది చాలావరకు ఆల్ప్రాజోలామో క్లోనజెపామో అయి ఉంటుంది. అది నిద్రపుచ్చుతుంది, దిగులుని నయం చేయదు. రెండు నుంచి నాలుగు వారాలు దాటితే ఒంటికి అలవాటైపోతుంది. అది వేసుకుని రాత్రి గట్టు మీదికి వెళ్తే కాలు తూలుతుంది, పక్కన నీళ్లు. దానిమీద మద్యం కూడా తాగితే ఊపిరికే ముప్పు. అలాగని నెలల తరబడి వాడినదాన్ని ఒక్క రోజులో ఆపినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. ఎన్నాళ్లు, ఎంత వేసుకున్నారో డాక్టరుకి చెప్పండి, ఆయనే మెల్లగా తగ్గిస్తారు.

డిప్రెషన్‌కి ఎక్కువగా ఎసిటలోప్రామ్ రాస్తారు, లేకపోతే సెర్ట్రలిన్. మొదటిది రోజుకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత రోజుకి 10 చేయడం మామూలు. రెండోది 25 నుంచి 50. మొదటి వారం కడుపులో తిప్పడం, తలనొప్పి, కొందరికి గాబరా ఇంకాస్త పెరగడం ఉంటాయి. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. అసలు గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు దాకా పడుతుంది. అంటే ఇబ్బంది మొదటి రోజు నుంచీ ఉంటుంది, లాభం మూడో వారానికి గానీ రాదు. ఆ మధ్యలోనే "ఈ బిళ్లలతో లాభం లేదు" అని మానేస్తారు. ఈ సంగతి భార్యకి మొదటి రోజే చెప్పి ఉంచితే సగం కేసులు నిలబడతాయి.

ఇంకో గోల రెండు మందులూ కలిపిన బిళ్ల. ఎసిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిసి ఒకే బిళ్లగా వస్తాయి. వాడటం సులువే. తర్వాత నిద్ర మందు ఒక్కటే తగ్గిద్దామంటే కుదరదు, రెండూ కలిసే ఉన్నాయి మరి. వీలైతే విడివిడిగా రాయమని డాక్టరుని అడగండి, ఏమీ అనుకోరు.

మగవాళ్లు బయటికి చెప్పకుండా మందు మానేసే కారణం ఒకటుంది: కాపురంలో ఇబ్బంది, కోరిక తగ్గడం, ఆలస్యం అవడం. మందు వల్ల వస్తుంది, మందు మారిస్తే లేదా డోసు సర్దితే చాలామందికి పోతుంది. డాక్టరు అడగకపోతే మీరే చెప్పాలి. ఆడ డాక్టరైతే చీటీ మీద రాసి ఇవ్వండి.

ఒళ్లు నొప్పులకని షాపులో డైక్లోఫెనాక్ బిళ్లలు కొనేస్తారు. ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ ఉన్న నొప్పి మందులైతే ఇంకా జాగ్రత్త. పారాసెటమాల్ వాడుకోవచ్చు. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. బాగైందని గబుక్కున ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వస్తాయి. అది చూసి "బిళ్లలకి అలవాటు పడిపోయాడు" అంటారు. ఈ రకం మందు మత్తు మందు కాదు, మెల్లగా తగ్గించి ఆపాలి, అంతే. పూర్తిగా బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, మళ్లీ తిరగబెట్టకుండా.

ప్రభుత్వాసుపత్రిలో ఇస్తే డబ్బు లేదు. బయట కొనాల్సి వస్తే జన ఔషధి షాపులో అదే మందు చాలా తక్కువకి వస్తుంది. నెలకి సరిపడా స్ట్రిప్పులు మాత్రం ఆయన చేతిలో పెట్టొద్దు. భార్య దగ్గర ఉంచి ఏ రోజుకారోజు ఇవ్వాలి.

గట్టుమాట (కౌన్సెలర్, పాలకొల్లు):

మాట ఎలా మొదలుపెట్టాలని అడిగారు. అరుగు మీద నలుగురిలో కూర్చోబెట్టి "నీకేమైందిరా" అంటే ఏ మగాడూ నోరు విప్పడు. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు మాట వస్తుంది. గట్టు మీద నడుస్తూనో, బండి మీద వెళ్తూనో, కొబ్బరికాయలు వలుస్తూనో. ఎవరు మాట్లాడాలన్నది కూడా ముఖ్యం. ఆయనకి అప్పు ఇచ్చినవాళ్లు కాకూడదు, సలహాలిచ్చే పెద్దమనిషీ కాకూడదు. బావమరిది బాగుంటాడు, పనిలో తోడున్న స్నేహితుడు ఇంకా బాగుంటాడు.

దిగులు, డిప్రెషన్ అనే మాటలతో మొదలెట్టక్కర్లేదు. ఒంటితో మొదలెట్టండి. "బావా, చెరువు ఖాళీ చేసి ఇన్నాళ్లయింది, ఇంకా మూడింటికే లేస్తున్నావంట. అక్క చెప్పింది. తిండి కూడా సరిగ్గా లేదంట." తర్వాత ఆగిపోండి. ఆయన వెంటనే ఏం అనరు. ఆ కాసేపు మీరు నింపేయకుండా ఉండటమే కష్టం. "ఏం లేదులే" అన్నాక ఇంకోసారి, "నాకైతే ఏదో ఉన్నట్టే ఉంది" అనండి.

అనకూడనివి కొన్ని. "నీకేం తక్కువ", "అందరికీ పోలేదా పంటలు", "పిల్లల మొహం చూసైనా ధైర్యంగా ఉండు". మీరు ధైర్యం చెప్పామనుకుంటారు. ఆయనకి మాత్రం పిల్లలున్నా ఇలా అయిపోయానన్న తప్పు ఇంకొకటి నెత్తిన పడుతుంది.

ఇక అందరూ తప్పించుకునే ప్రశ్న. అడగాలి, సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అలా కాదు, అడిగినందువల్ల ప్రమాదం పెరగదు. "పిచ్చి ఆలోచనలేం చేయట్లేదు కదా" అని అడిగితే మాత్రం "లేదు" అనే జవాబే వస్తుంది, ఆ ప్రశ్నే అలా ఉంది మరి. అవునంటే ఎలా అని ఏమైనా అనుకున్నారా, ఎప్పుడు అనుకున్నారు అని అడగండి. వాదించొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. "నాతో చెప్పావు, మంచిపని చేశావు. ఈ రాత్రి నేను ఇక్కడే పడుకుంటాను" అనండి.

నోటితో చెప్పకపోయినా చేతల్లో కనబడేవి ఉంటాయి. కౌలు కాగితాలు, ఎల్‌ఐసీ బాండు ఎక్కడున్నాయో ఉన్నట్టుండి పిలిచి చెప్పడం, చిన్న చిన్న బాకీలు తీర్చేయడం, ఎన్నాళ్లో దిగులుగా ఉన్న మనిషి ఒక్కసారిగా నిమ్మళం అయిపోవడం. ఇవి కనబడితే ఓపీ రోజు కోసం ఆగొద్దు. ఒంటరిగా వదలొద్దు, 108కి ఫోన్ చేసి దగ్గర్లోని క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, అది రాత్రి కూడా ఉంటుంది. పురుగుమందులు అటక మీదా, చెరువు షెడ్డులోనూ ఉంటాయి. మొత్తం ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి వేరే ఇంట్లో ఉంచండి. ఇది ఈ రోజే చేయాలి. ఆ ఆలోచన తీవ్రంగా వచ్చే ఘడియ చాలాసార్లు తక్కువసేపే ఉంటుంది. ఆ ఘడియలో చేతికి ఏమీ అందకుండా ఉండటం చాలా పెద్ద కాపలా.

గుడికీ, చర్చి ప్రార్థనకీ వెళ్తామంటే అడ్డం పడొద్దండి. పాస్టరు గారినో పూజారి గారినో మనవైపు తిప్పుకోండి. "ప్రార్థన చేస్తాను, బిళ్ల మానొద్దు" అని ఆయన నోటితో ఒక్క మాట అంటే మన పది మాటల పెట్టు. గాలి సోకిందని తాడు కట్టేవాళ్లు మందులు ఆపమంటేనే గట్టిగా చెప్పాలి.

లంకగట్టు_వీఓఏ:

చాలా థాంక్సండి అందరికీ. పురుగుమందుల పెట్టె సంగతి ఇప్పుడే ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. ఆసుపత్రిలో రాసుకున్నది బయటికి వస్తుందా? పోలీసు కేసు అవుతుందని కూడా ఎవరో భయపెట్టారంట. ఆయనకి హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉంది.

సెక్షన్_23:

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 23వ సెక్షను ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. పక్కన చూసుకునేవాళ్లకి అవసరమైనంత చెప్పడం, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే ఆపడానికి చెప్పడం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సంబంధం వాళ్లో, ఫీడ్ డీలరో ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే చెప్పే హక్కు అక్కడెవరికీ లేదు. నిజానికి ఊళ్లోకి పొక్కేది ఆసుపత్రి నుంచి కాదండి, మందు తెచ్చిపెట్టిన మనిషి నుంచి. అందుకే ఎవరికి చెప్పాలో ముందే అనుకుని, ఇద్దరికి పూర్తిగా చెప్పండి. ఒకరు ఆసుపత్రికి తోడెళ్లేవాళ్లు, ఒకరు రాత్రి పిలిస్తే వచ్చేవాళ్లు. మిగతావాళ్లకి "ఒంట్లో బాగోలేదు" చాలు. బొత్తిగా ఎవరికీ చెప్పకపోతే మాత్రం భార్య ఒక్కతే మోయాలి, నెల తిరక్కుండా ఆవిడా మంచం పడుతుంది.

పోలీసు భయం: వైద్యానికి వెళ్తే కేసేం ఉండదు. ఎవరైనా ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చినా, 115వ సెక్షను ప్రకారం తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే ముందు భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షను 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని పని చేయకుండా అడ్డుకోవడానికో, బలవంతంగా చేయించడానికో చేసిన సందర్భం ఒక్కటే నేరంగా ఉంచారు. ఆసుపత్రి మెడికో లీగల్ (చట్టపరమైన కేసుల) రిజిస్టరులో రాస్తుంది, అది చూసి భయపడి వైద్యం ఆలస్యం చేయొద్దు.

ఇన్సూరెన్స్: 21వ సెక్షను ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకీ కవరేజీ ఇవ్వాలి. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీకి రాదు. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు మాత్రం మందులు వాడుతున్న సంగతి దాచొద్దు. దాచారని తేలితే గుండె ఆపరేషన్ క్లెయిమ్ కూడా తిప్పి పంపించే ప్రమాదం ఉంది.

సంఘం మీటింగులో ఈ విషయం ఎత్తితే పేర్లు తీయొద్దు, మినిట్స్ పుస్తకంలో అసలే రాయొద్దు. 14416 నంబరు రేషన్ షాపు గోడ మీదా, ఐస్ ఫ్యాక్టరీ దగ్గరా అంటించండి. అక్కడ కూడా చూసేటప్పుడు ఎవరూ గమనించని మూలనైతే ఫోన్‌లో ఎక్కించుకుంటారు.

లంకగట్టు_వీఓఏ:

ఆయన సరేనన్నారండి, బావమరిదితో కాకినాడ వెళ్తున్నారు. పరగడుపున వెళ్లాలా? రక్త పరీక్షలు చేస్తారా?

ఓపీ_చీటీ:

పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లమనండి. లైను ఉంటుంది, ఖాళీ కడుపుతో నీరసపడి వెనక్కి వచ్చేస్తారు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లాంటివి చూడొచ్చు, వాటిలో తేడా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు వస్తాయి. ఆ పరీక్షలకి తిన్నా పర్వాలేదు. ఫాస్టింగ్ షుగర్ కావాలంటే ఇంకో రోజు రమ్మంటారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ల తనంతట తాను ఆపకుండా, స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్లమనండి. డాక్టరు గారు బావమరిదిని కాసేపు బయట కూర్చోమంటారు, కంగారు పడొద్దు. వచ్చేటప్పుడు తిరిగి ఏ తారీఖున రావాలో చీటీ మీద రాయించుకుని, ఆ రోజుకి బావమరిది ఖాళీగా ఉంటాడో లేదో అక్కడే అడిగేయండి.